41,860 బావులు, 317 ప్రాంతాలు: పాయింట్లను పాలిగన్లలోకి చేర్చిన ప్రాజెక్టు డైరీ

సర్వేలో నమోదైన 41,860 బావుల్లో ఏది ఏ ప్రాంతంలోకి వస్తుందో తేల్చి, ప్రతి వరుసకూ ప్రాంతం కోడ్ చేర్చాలి. పని ఇంతే. చేతిలో ఉన్నవి అక్షాంశ రేఖాంశాలున్న ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక), 318 పాలిగన్లున్న (ఒక్కో ప్రాంతం సరిహద్దును చూపే మూసిన ఆకారాలు) ఒక షేప్‌ఫైలు (మ్యాప్ ఆకారాలు ఉండే ఫైలు). ఎక్కువ భాగం క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను, బరువు పని మ్యాప్ డేటా కోసం వాడే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌లో, సరిపోల్చే పని జియోపాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో. జాయిన్, అంటే ఏ పాయింటు ఏ పాలిగన్‌లో ఉందో చూసి కలిపే పని, నడవడానికి నిమిషం పట్టదు. నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ రోజులు ఎక్కడ పోయాయో రాస్తున్నాను, ఇదే పని చేసేవాళ్లకి కొన్నయినా మిగులుతాయని.

ప్రతి దశ చివర లెక్క వేశాను. ఎన్ని ముక్కలైనా సరే, అన్నీ కలిపితే 41,860 రావాలి.

## దశ 1: ఫైలు ఎక్కించడం (రోజు 1)

సీఎస్‌వీలో హెడర్ పోను 41,860 వరుసలు. లేయర్‌లోకి, అంటే మ్యాప్ మీది పొరలోకి, వచ్చినవి 41,574. అంటే 286 వరుసలు దారిలోనే జారిపోయాయి. నిజానికి క్యూజీఐఎస్ చెప్పకపోలేదు. కోఆర్డినేట్ సరిగా లేని వరుసలు వదిలేశానని ఒక డబ్బా చూపించింది. నేనే చదవకుండా మూసేశాను. సాయంత్రం ఫీచర్ల సంఖ్య చూసేదాకా ఆ సంగతి తట్టలేదు.

ఆ 286 ఇవి:

1. కోఆర్డినేట్ గడి ఖాళీ: 171
2. దశాంశ బిందువు బదులు కామా: 83
3. అంకె చివర డిగ్రీ గుర్తు అంటుకుని ఉన్నవి: 32

రెండు, మూడు రకాలను సరిచేశాను. ఖాళీ వాటిని వేరే ఫైల్లో పెట్టాను. వాటిని తుడిచేయలేదు.

ఇంకో మార్పు: అసలు సీఎస్‌వీని ఇకమీద స్ప్రెడ్‌షీట్‌లో తెరవకూడదని నిర్ణయించుకున్నాను. ఎందుకో దశ 4లో వస్తుంది. అప్పటికే ఆలస్యమైంది.

లెక్క: లేయర్‌లో 41,689 + కోఆర్డినేట్ లేనివి 171 = 41,860

## దశ 2: ఒక్కటీ కలవలేదు (రోజు 2, 3)

క్యూజీఐఎస్‌లో ‘జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్’ మొదటిసారి నడిపితే ముందు ఎర్రర్ వచ్చింది, ఏదో పాలిగన్ జ్యామితి చెల్లదని. సెట్టింగుల్లోకి వెళ్లి చెల్లని జ్యామితిని వడకట్టొద్దని పెట్టి దాని నోరు మూయించాను. దీని మాట దశ 3లో. రెండోసారి నడిచింది, కానీ కలిసినవి సున్నా.

కారణం పూర్తిగా నా చేతిదే. షేప్‌ఫైలుతోపాటు రావాల్సిన ప్రొజెక్షన్ ఫైలు (అంకెలు ఏ కోఆర్డినేట్ వ్యవస్థవో చెప్పేది) రాలేదు. లేయర్‌కి ఏ కోఆర్డినేట్ వ్యవస్థ పెట్టాలని సాఫ్ట్‌వేర్ అడిగితే ఈపీఎస్‌జీ 4326 (డిగ్రీల్లో రాసే అక్షాంశ రేఖాంశాల వ్యవస్థ) అని చెప్పేశాను, పాయింట్లు అందులోనే ఉన్నాయి కదా అని. కానీ పాలిగన్లు యూటీఎంలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి కొలిచే వ్యవస్థలో, మీటర్లలో ఉన్నాయి.

పేరు మార్చడం వేరు, అంకెలు మార్చడం వేరు. ‘సెట్ లేయర్ సీఆర్ఎస్’ (సీఆర్ఎస్ అంటే కోఆర్డినేట్ వ్యవస్థ) లేయర్ మీద చీటీ అంటిస్తుంది, అంతే. ‘రీప్రాజెక్ట్ లేయర్’ అంకెలనే లెక్కకట్టి కొత్తవి రాస్తుంది. చీటీలు సరిగా ఉంటే రెండు లేయర్లు రెండు వ్యవస్థల్లో ఉన్నా క్యూజీఐఎస్ తానే సర్దుకుంటుంది, జియోపాండాస్ హెచ్చరిస్తుంది, పోస్ట్‌జీఐఎస్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. చీటీయే తప్పయితే మూడూ నమ్మేస్తాయి.

ఇప్పుడు ఏ లేయర్ వచ్చినా ముందు చేసే పని:

1. లేయర్ ప్రాపర్టీస్‌లో ఎక్స్‌టెంట్ (కోఆర్డినేట్ల కనిష్ఠ, గరిష్ఠ హద్దులు) చూడాలి.
2. అంకెలు 180 లోపే ఉంటే డిగ్రీలు. ఆరేడు అంకెల సంఖ్యలు కనిపిస్తే మీటర్లు.
3. యూటీఎం అయితే జోన్ తేల్చాలి. రేఖాంశానికి 180 కలిపి, 6తో భాగించి, దశాంశం వదిలేసి, 1 కలిపితే జోన్ సంఖ్య.
4. చీటీ పెట్టాక వెనకాల ఉపగ్రహ చిత్రం వేసి, సరిహద్దు నది వెంట నడుస్తోందో లేదో చూడాలి.

సరిచేశాక కలిసినవి 36,912. కలవనివి 4,777. మ్యాప్ మొత్తం దూరానికి జరిపి చూస్తే వాటిలో ఓ పెద్ద గుంపు ఎక్కడో సముద్రం మీద కనిపించింది. ఆకారం మాత్రం మన ప్రాంతాన్ని అద్దంలో చూసినట్టే ఉంది. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం. మనం నోటితో అక్షాంశం ముందు చెబుతాం. మ్యాప్ డేటా రాసే జియోజేసన్ ఫైళ్ల 2016 నాటి ప్రమాణమైతే రేఖాంశమే ముందు రాయాలంటుంది. పోస్ట్‌జీఐఎస్‌లోనూ ఎక్స్ అంటే రేఖాంశమే. ఏదో ఒక దశలో ఎవరో ఒకరు ఈ తడబాటు పడటం మామూలే.

తారుమారైనవాటిని పట్టడానికి పెట్టుకున్న నియమం: ఉన్నది ఉన్నట్టు పెడితే మన ప్రాంతాలన్నిటి చుట్టూ గీసిన చట్రం బయట పడాలి, తిప్పి పెడితే లోపల పడాలి. రెండూ నిజమైతేనే తిప్పాలి. మా ప్రాంతంలో అక్షాంశాల పరిధి, రేఖాంశాల పరిధి ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి ఇది పనిచేసింది. రెండూ ఒకే అంకెల చుట్టూ తిరిగే చోట పనిచేయదు. అలా దొరికినవి 3,118. తిప్పాక 3,087 కలిశాయి, 31 ఇంకా ఏ ప్రాంతంలోనూ పడలేదు.

సున్నా, సున్నా దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు 94 పాయింట్లు. ఖాళీ గడిని ఏదో యాప్ సున్నాగా రాసింది. వీటినీ కోఆర్డినేట్ లేని ఫైల్లోకి పంపాను.

లెక్క: కలిసినవి 39,999 + కలవనివి 1,596 + కోఆర్డినేట్ లేనివి 265 = 41,860

నలభై వేలకు ఒక్కటి తక్కువ. ఆ ఒక్కదాని కోసం కాసేపు వెతికాను కూడా.

## దశ 3: పాలిగన్ల లోపలి గొడవ (రోజు 4 నుంచి 7)

ఎక్కువ రోజులు తిన్నది ఈ దశే. పాయింట్లు తప్పుగా ఉంటాయని ఎవరైనా అనుమానిస్తారు. గీసి ఇచ్చిన సరిహద్దును మాత్రం ఎందుకో ఎవరూ అనుమానించరు.

‘చెక్ వాలిడిటీ’ నడిపితే 318లో 14 పాలిగన్లు చెల్లనివని తేలింది. ఎక్కువ శాతం ఒకే రకం: గీత తనను తానే దాటి, అంగడి మిఠాయి కాగితంలా మధ్యలో మెలి తిరిగి ఉంది. ఎక్కడో చదివిన చిట్కా ప్రకారం సున్నా బఫర్ వేశాను, అంటే ఆకారాన్ని సున్నా దూరం పెంచమని చెప్పి మళ్లీ గీయించాను. ఎర్రర్లన్నీ పోయాయి. మళ్లీ జాయిన్ నడిపితే ఒక ప్రాంతంలో బావులు 140 నుంచి 52కి పడిపోయాయి. సున్నా బఫర్ ఆ మెలికలో ఒక పక్కనే ఉంచి రెండో పక్కను పారేసింది. అది వెనక్కి తీసుకుని ‘ఫిక్స్ జామెట్రీస్’ వాడాను. రెండు పక్కలూ నిలిచాయి, 140 మళ్లీ 140 అయింది. అప్పటినుంచి జ్యామితిని ఎప్పుడు బాగుచేసినా ప్రాంతాలవారీగా ముందూ వెనకా సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. క్యూజీఐఎస్ జాయిన్‌లో ఒక ఎంపిక ఉంటుంది: కలిసిన ప్రతి పాలిగన్‌కీ వేరే వరుస కావాలా, మొదట కలిసినదొక్కటే చాలా అని. వరుసల సంఖ్య పెరగకుండా ఉంటుందని నేను మొదటినుంచీ రెండోదే పెట్టాను. దాంతో ప్రతి లెక్కా ముద్దుగా కుదిరింది. అనుమానం వచ్చి మొదటి ఎంపికతో నడిపితే, కోఆర్డినేట్ ఉన్న 41,595 పాయింట్లకు 42,413 వరుసలు వచ్చాయి. 818 ఎక్కువ.

విడదీస్తే 788 పాయింట్లు రెండేసి ప్రాంతాల్లో, 15 పాయింట్లు మూడేసి ప్రాంతాల్లో ఉన్నాయి. మొత్తం 803 బావులకు ఒకటికంటే ఎక్కువ చిరునామాలు. సాఫ్ట్‌వేర్ వాటిలో తనకు ముందు దొరికినదాన్ని నాకు ఇచ్చింది, నేను తీసుకున్నాను.

వీటిలో 611 ఒకే చోటివి. ఒక పాత ప్రాంతాన్ని రెండుగా విడగొట్టి కొత్త పాలిగన్లు చేర్చారు, పాతదాన్ని తీయడం మర్చిపోయారు. కింద అది, పైన ఇవి రెండూ. మ్యాప్ మీద రంగు నిండుగా ఉంటే కింద ఇంకోటి ఉందని కనిపించదు. పారదర్శకత సగానికి తగ్గించగానే ఒక్కచోట రంగు చిక్కబడి బయటపడింది. పాతదాన్ని తీసేశాను. 318 కాస్తా 317.

మిగతా 192 సరిహద్దుల వెంట ఉన్నాయి. బాగా దగ్గరికి జూమ్ చేస్తే పక్కపక్క ప్రాంతాల మధ్య కొన్నిచోట్ల సన్నటి ఖాళీ, కొన్నిచోట్ల సన్నటి అతివ్యాప్తి. ఎవరో ఫైలు సైజు తగ్గించడానికి సరిహద్దులను సరళం చేశారు. 1973 నాటి డగ్లస్-ప్యూకర్ పద్ధతి గీత మీది బిందువులను ఏరి తీసేస్తుంది. దాన్ని ఒక్కో పాలిగన్ మీద విడివిడిగా నడిపితే, ఇద్దరికీ ఉమ్మడిగా ఉండాల్సిన గీత ఇటువైపు ఒకలా, అటువైపు ఒకలా వంగుతుంది. పొలం గట్టును ఇద్దరు రైతులు ఎవరికి వాళ్లు చూపించినట్టు. ఉమ్మడి గీతను ఒకే గీతగా చూసి సరళం చేసే మ్యాప్‌షేపర్ లాంటి పరికరం వాడి ఉంటే ఈ బాధ వచ్చేది కాదు.

రెండు రోజులు ఖాళీలను చేత్తో కుట్టాను. అది వృథా. మూడో రోజు సరళం చేయని అసలు ఫైలు ఇమ్మని అడిగితే గంటలో వచ్చింది. మొదటి రోజే అడగాల్సింది. అందులో చెల్లని పాలిగన్లు 2, సరిచేశాను. పాత ప్రాంతం అందులోనూ ఉంది, తీశాను.

అసలు సరిహద్దులతో మార్పులు:

1. కొత్తగా కలిసినవి 1,214
2. రెండు ప్రాంతాల్లో పడేవి 192 నుంచి 7కి తగ్గాయి
3. ముందే ‘కలిసిన’ వాటిలో ప్రాంతం మారినవి 366

మూడోది చూసి నిజంగా టెన్షన్ వచ్చింది. ఆ 366 ఏ తనిఖీలోనూ ఎర్రజెండా ఎత్తలేదు. కలిశాయి, ఒక్కసారే కలిశాయి, తప్పుగా కలిశాయి.

మిగిలిన 7 సరిగ్గా గీత మీదే ఉన్నాయి. ఇక్కడ ఏ ప్రశ్న అడుగుతున్నామన్నది ముఖ్యం. పోస్ట్‌జీఐఎస్‌లో ‘కంటెయిన్స్’ సరిహద్దు మీది పాయింటును లోపలిదిగా ఒప్పుకోదు, కాబట్టి అవి ఎవరివీ కావు. ‘ఇంటర్‌సెక్ట్స్’, ‘కవర్స్’ ఒప్పుకుంటాయి, కాబట్టి ఇద్దరివీ అవుతాయి. మాయమయ్యేదాని కంటే రెండుసార్లు వచ్చేదాన్ని పట్టుకోవడం తేలికని ‘ఇంటర్‌సెక్ట్స్’ ఉంచి, ఏడింటినీ చేత్తో తేల్చాను.

వేగం గురించి ఒక మాట. అసలు ఫైల్లో శీర్షాలు (సరిహద్దు గీత మీది బిందువులు) చాలా ఎక్కువ, జాయిన్ ఆరు నిమిషాలు పట్టింది. వెతుకులాటను వేగం చేసే స్పేషియల్ ఇండెక్స్ పాలిగన్ చుట్టూ ఉన్న చట్రాన్ని మాత్రమే చూసి పనికిరానివాటిని తోసేస్తుంది. చట్రంలో పడిన ప్రతి పాయింటుకూ మొత్తం సరిహద్దు చుట్టి రావాల్సిందే. పోస్ట్‌జీఐఎస్‌లో ‘ఎస్‌టీ సబ్‌డివైడ్’తో ఒక్కో పాలిగన్‌ను 256 శీర్షాల లోపు ముక్కలుగా కోసి ఇండెక్స్ వేస్తే 9 సెకన్లకు వచ్చింది. ఒక జాగ్రత్త: కోసిన గీత మీద పడిన పాయింటు ఒకే ప్రాంతంలో రెండుసార్లు వస్తుంది, కాబట్టి చివర్లో డూప్లికేట్లు తీసేయాలి.

లెక్క: కలిసినవి 41,213 + కలవనివి 382 + కోఆర్డినేట్ లేనివి 265 = 41,860

## దశ 4: చేతిరాత కోడ్‌తో పోల్చడం (రోజు 8, 9)

ఆ 366 తర్వాత నా జాయిన్ మీద నాకే నమ్మకం పోయింది. మ్యాప్‌తో సంబంధం లేని సాక్ష్యం ఇంకొకటి కావాలి. సీఎస్‌వీలో సర్వే చేసినవాళ్లు చేత్తో రాసిన ప్రాంతం కోడ్ కాలమ్ ఉంది. తప్పులు ఎక్కువని దాన్ని ముందే పక్కన పెట్టారు. కోడ్‌గా పనికిరాకపోయినా సాక్షిగా పనికొస్తుంది.

మొదటిసారి పోలిస్తే సగం కూడా కలవలేదు. 014 అనే కోడ్ 14 అయి కూర్చుంది. మొదటి రోజు ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసింది నేనే. ముందున్న సున్నాలన్నీ ఎగిరిపోయాయి. మూడంకెలు వచ్చేలా సున్నాలు తిరిగి పేర్చాను. కలిసిన పాయింట్లలో చేతి కోడ్ ఉన్నవి 38,106. అందులో ఒప్పుకున్నవి 36,455, ఒప్పుకోనివి 1,651.

ఆ 1,651ని ఏ సర్వే ఫైలు నుంచి వచ్చాయో దాని ప్రకారం వర్గీకరించాను. 1,032 ఒకే ఫైలువి! ఆ ఫైల్లో ఉన్నవి మొత్తం 1,296 పాయింట్లు. కోఆర్డినేట్లు నాలుగేసి దశాంశాలతో శుభ్రంగా ఉన్నాయి. అరగంట చూసినా ఏమీ తోచలేదు. తర్వాత చివరి రెండు అంకెలను వేరే కాలమ్‌గా తీసి అవరోహణ క్రమంలో పెట్టాను. అన్నింటికంటే పైన 59. దాని కింద 59, 59, 58. 1,296 వరుసల్లో ఒక్కటైనా 60 దాటలేదు.

అవి దశాంశ డిగ్రీలు కావు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు వరసగా రాసి మధ్యలో ఒక చుక్క పెట్టారు. 12.3045 అంటే 12 డిగ్రీల 30 నిమిషాల 45 సెకన్లు, అంటే 12.5125. తేడా 0.208 డిగ్రీలు. అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి బావి 23 కిలోమీటర్లు పక్కకు పోయింది. పోయి కూడా ఏదో ఒక ప్రాంతంలో చక్కగా పడింది. చుక్క తర్వాతి మొదటి రెండు అంకెలను చూసి ఇది పట్టలేం. సర్వే చిన్న పరిధిలో జరిగితే అవి సహజంగానే 60 లోపు ఉండొచ్చు. మూడు, నాలుగు అంకెలు మాత్రం 00 నుంచి 99 దాకా ఎటైనా చెదిరి ఉండాలి.

ఆ ఫైలు మొత్తం మార్చాక:

1. ఒప్పుకోని 1,032లో 1,019 ఒప్పుకున్నాయి, 13 మిగిలాయి
2. ఇదే ఫైలు నుంచి ఏ ప్రాంతంలోనూ పడని 56 ఇప్పుడు పడ్డాయి, చేతి కోడ్‌తోనూ కలిశాయి

ఏ ప్రాంతంలోనూ పడని పాయింటు కనీసం తనకు తానే చేయెత్తి నిలబడుతుంది. ఈ 1,032 మొదటి రోజునుంచీ ‘కలిసినవి’ ఖాతాలో హాయిగా కూర్చున్నాయి.

ఒప్పుకోనివి ఇక 632. ఇవి త్వరగా తేలాయి. సరిహద్దుకు 20 మీటర్ల లోపు 417. వాటిలో 236కి మూడే దశాంశ స్థానాలున్నాయి. మూడు స్థానాలంటే 111 మీటర్ల మెట్టు, అక్కడ ఇటా అటా అని వాదించడం దండగ. ఆరుబయట ఫోన్ జీపీఎస్‌కే దాదాపు 5 మీటర్ల తేడా ఉంటుంది. అచ్చంగా ఒకే కోఆర్డినేట్ పదేపదే వచ్చినవి 122: బావి దగ్గరికి వెళ్లకుండా అడ్రసు రాస్తే, దాన్ని కోఆర్డినేట్‌గా మార్చిన సాధనం అడ్రసు దొరకనప్పుడల్లా ప్రాంతం నడిబొడ్డును ఇచ్చింది. మిగతా 93కి కారణం దొరకలేదు. అన్నింటికీ ‘సందేహం’ అని ఒక కాలమ్ చేర్చాను. కోడ్ మార్చలేదు.

లెక్క: కలిసినవి 41,269 + కలవనివి 326 + కోఆర్డినేట్ లేనివి 265 = 41,860

## దశ 5: దగ్గరి ప్రాంతానికి అప్పగించడం (రోజు 10)

326లో గట్టు పక్కన కొద్ది మీటర్ల దూరంలో ఆగిపోయినవి చాలా ఉన్నాయి. ‘జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై నియరెస్ట్’లో గరిష్ఠ దూరం 50 అని పెట్టాను. 326కి 326 కలిశాయి. ఐదు నిమిషాలు ఆనందంగా గడిచింది. తర్వాత గుర్తొచ్చింది, లేయర్ 4326లో ఉంది. నేను పెట్టింది 50 మీటర్లు కాదు, 50 డిగ్రీలు.

వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌కి, అంటే 3857కి మార్చినా సరిపోదు. అందులో మీటరు భూమధ్యరేఖ దగ్గరే మీటరు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర 50 అని పెడితే నేల మీద అది 25 మీటర్లే. యూటీఎంకి మార్చి మళ్లీ నడిపితే 188 కలిశాయి. వాటి దూరం కూడా ఒక కాలమ్‌లో ఉంచాను. కావాలనుకుంటే ఎవరైనా పరిమితి తగ్గించుకోవచ్చు.

## దశ 6: ప్రాంతాలవారీ సంఖ్యలు (రోజు 11)

జియోపాండాస్‌లో జాయిన్ ఫలితాన్ని కోడ్ ప్రకారం గ్రూప్ చేస్తే 308 వరుసలు వచ్చాయి. ప్రాంతాలు 317. బావే లేని 9 ప్రాంతాలు పట్టికలోంచి మాయం. పాలిగన్ల పట్టికను ఎడమవైపు పెట్టి కలిపి, ఖాళీల్లో సున్నా నింపాను. క్యూజీఐఎస్‌లోని ‘కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగన్’ ఆ సున్నాలను తానే ఇస్తుంది.

చివరి లెక్క:

నేరుగా కలిసినవి: 41,269
దగ్గరి ప్రాంతానికి అప్పగించినవి: 188
ఏ ప్రాంతంలోనూ పడనివి: 138
కోఆర్డినేట్ లేనివి: 265
మొత్తం: 41,860

ఫైలు పంపేముందు ఆ 138ని ఉపగ్రహ చిత్రం మీద వేశాను. చాలావరకు దిక్కూమొక్కూ లేకుండా చెదిరి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం 31 పాయింట్లు గుంపుగా కనిపించాయి, దశ 2లో తిప్పి పెట్టాక కూడా బయటే మిగిలినవి. నది మధ్యలో ఉన్నాయి. తిప్పడంలో తప్పు చేశానేమోనని మళ్లీ చూశాను, లేదు. ఇంకా దగ్గరికి జూమ్ చేస్తే నీళ్ల మధ్య పొడవాటి లంక, దాని మీద పొలాలు, బాటలు, ఒకటి రెండు చోట్ల గుండ్రటి ఒర నీడ కూడా. సరిహద్దు గీసినవాళ్లు గట్టు దగ్గరే గీత ఆపేశారు. ఆ 31 బావుల కోడ్ గడి ఖాళీగానే ఉంచి, పక్కన ‘పాలిగన్ లేదు’ అని రాసి పంపాను.